ఇంటర్నేషనల్ మత్తయి

భట్టిప్రోలులో మత్తయిలు చాలామందే ఉన్నారు గానీ ఇంటర్నేషనల్ మత్తయి మాత్రం ఒక్కడే. ఆటో స్టాండు దగ్గర కనబడితే చాలు, ఎవరో ఒకరు "ఏంటి ఇంటర్నేషనల్, ఇవాళ ఏ దేశం? రేపల్లేనా?" అని పలకరించేవారు. "అవునండి, వీసా వచ్చేసింది, ఎక్కించుకోండి" అని తనూ నవ్వేవాడు. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయేదని స్టాండులో ఎవరికీ తెలియదు. దేశం పేరు రాసిన బనీను వేసుకుని పరాయి గడ్డమీద బాక్సింగ్ ఆడొచ్చిన మనిషికి, అప్పటికింకా జిల్లా దాటని ఒక పరుపుల దుకాణం కుర్రాడిని తలుచుకుంటే కడుపులో నిప్పు పోసినట్టు ఎందుకుండాలి? ఆ సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మత్తయి తండ్రి సామ్యేలు ఊళ్ళో లూథరన్ గుడికి గంట కొట్టేవాడు. తల్లి కొండమ్మ నాట్లకీ కోతలకీ వెళ్ళేది. పిల్లాడు బడిలో అందరితో కలబడుతున్నాడని పంతులుగారు విసుక్కోకుండా, "ఆ కలబడేదేదో రూలు ప్రకారం కలబడరా" అని తెనాలి తీసుకెళ్ళి రంగనాయకులు మాస్టారికి అప్పగించారు. మాస్టారు మిలటరీలో బాక్సింగ్ ఆడి వచ్చినాయన. రైసు మిల్లు వెనక రేకుల షెడ్డులో పిల్లలకి నేర్పేవారు. మత్తయి రోజూ రేపల్లె పాసింజరులో వెళ్ళి వచ్చేవాడు.

ఆ షెడ్డులోనే ఫరూక్ పరిచయమయ్యాడు. తండ్రి బుడే సాహెబ్ తెనాలిలో పరుపులు కుట్టేవాడు. షెడ్డులో గుద్దడానికి వేలాడదీసిన బస్తా కూడా ఆయన కుట్టిందే. పాత కాన్వాసులో ఊకా దూదీ కలిపి కూరి, "నా కొడుకు నన్ను కొట్టకుండా దీన్ని కొట్టుకుంటాడు లెండి" అని ఊరికే ఇచ్చాడు. చిన్నప్పటి నుంచీ దూదిని కొట్టీ కొట్టీ ఫరూక్ చేతులకి అలుపన్నదే లేకుండా పోయింది. వాళ్ళమ్మ మదార్‌బీ పాత చీరలు చించి చేతిపట్టీలు చేసిచ్చేది, కొడుక్కి ఒక జత, మత్తయికి ఒక జత. మత్తయికి పట్టీ చుట్టుకోవడం ఎంతకీ కుదిరేది కాదు. ఫరూకే దగ్గర కూర్చోబెట్టుకుని వేలు వేలుకీ మధ్యనుంచి తిప్పి చుట్టేవాడు. "బిగువైందా బావా?" అని ప్రతిసారీ అడిగేవాడు.

ఇద్దరూ యాభై ఒక్క కేజీల వాళ్ళే. ఆ తూకంలో జిల్లాకైనా రాష్ట్రానికైనా వెళ్ళేది ఒక్కడే. షెడ్డులో వాళ్ళిద్దరూ తలపడినప్పుడల్లా గెలిచేది ఫరూక్. ఒకరోజు మాస్టారు మత్తయి భుజం తట్టి అన్నారు.

"నువ్వు బాగా కొడతావురా మత్తయీ. వాడు కొట్టడు. వాడి చెయ్యి దానంతటదే వెళ్తుంది."

మెచ్చుకోలుగా అన్న మాటే. కానీ ఆ మాట మత్తయి గుండెలో తుమ్మముల్లులా దిగింది. కష్టపడితే వచ్చేదాన్ని ఎంతైనా కష్టపడి తెచ్చుకోవచ్చు. దానంతటదే వచ్చేదాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటాడు?

అక్కడితో ఆగినా బాగుండేది. ఫరూక్ ఇంటిక్కూడా రావడం మొదలుపెట్టాడు. వచ్చీ రాగానే "అత్తా" అంటూ వంటింట్లోకి వెళ్ళేవాడు. కుళాయి దగ్గర బిందె అందుకుని తెచ్చిపెట్టేవాడు. చలికాలం వస్తోందని సామ్యేలుకి దూది కూరిన దుప్పటి కుట్టి తెచ్చాడు. "వీడు చూడు, అడక్కుండా చేస్తాడు. నువ్వున్నావు, పిలిస్తేనే పలకవు" అనేది కొండమ్మ. ఆవిడ నవ్వుతూ అనేది, మత్తయి నవ్వకుండా వినేవాడు.

రెండువేల మూడులో బాపట్లలో రాష్ట్ర పోటీలు పెట్టారు. అందులో గెలిచినవాడు శిక్షణ శిబిరానికి, అక్కణ్ణుంచి బ్యాంకాక్‌లో జరిగే పోటీలకి వెళ్తాడని మాస్టారు చెప్పారు. శనివారం సెమీ ఫైనల్స్‌లో ఇద్దరూ గెలిచారు. ఆదివారం ఫైనల్లో వాళ్ళిద్దరే. బాపట్లలో ఇచ్చిన గదిలో దోమలకి కన్ను మూతపడలేదని, ఆ సాయంత్రం బస్సెక్కి భట్టిప్రోలు వచ్చేశారు. పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళిపోవచ్చని.

ఫైనల్ రోజు పొద్దున మళ్ళీ తూకం ఉంటుంది. యాభై ఒకటి దాటితే ఆట లేదు. ఫరూక్‌ది ఎప్పుడూ అంచుమీద నిలబడే తూకం. నాలుగు ముద్దలు ఎక్కువ తింటే అటు పడిపోతాడు. ఆ సంగతి మాస్టారి తరవాత బాగా తెలిసినవాడు మత్తయే.

కొండమ్మకి అదేం తెలుసు? పిల్లలు గెలిచి వస్తున్నారని కబురందగానే మధ్యాహ్నం ఎండలో కోడిని చంకన పెట్టుకుని ఊరవతలి నాగూర్ బాషా ఇంటిదాకా నడిచింది. "మా ఫరూక్ తినాలయ్యా, మీ పద్ధతిలో కొయ్యి" అని నిలబడి కోయించుకుని వచ్చింది. ఆ ముక్క చెప్పాక ఇంక ఆ పిల్లాడు వద్దని ఎలా అంటాడు?

అయినా అని చూశాడు. "రేపు తూకం ఉందత్తా. కాస్త చారు పొయ్యి, చాలు."

"తూకమేంటయ్యా, నువ్వేమన్నా పత్తి మూటవా? మీ నాన్న దూదిని తూస్తాడు గానీ మనిషిని తూస్తారా ఎక్కడన్నా?"

సామ్యేలు పకపకా నవ్వాడు. మత్తయి తనకి కడుపు బాగోలేదని ముందే చెప్పి, చారన్నం నాలుగు మెతుకులు పెట్టించుకుని కూర్చున్నాడు. కొండమ్మ గరిట కూరగిన్నెలోకి వెళ్ళి పైకి లేచింది. గరిటలో కాలు ముక్క ఉంది. ఆ ఇంట్లో కోడి కోసిన ప్రతిసారీ కాలు ముక్క మత్తయిదే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అంతే. గరిట మత్తయి పళ్ళెం దాటి వెళ్ళి ఫరూక్ పళ్ళెంలో వంగింది.

"వీడికెలాగూ కడుపు బాగోలేదుగా" అంది కొండమ్మ.

నిజమే, తను చెప్పిన మాటే. అయినా మత్తయి కళ్ళల్లో కారం కొట్టినట్టయింది.

ఆ వైపు ఇళ్ళల్లో ఒక మర్యాద ఉంది. వచ్చినవాడు మారు పెట్టించుకోకుండా లేస్తే ఇల్లాలి చేతిని తప్పుపట్టినట్టే. మొదటి వడ్డన ఆకలికి, రెండోది అభిమానానికి అంటారు. కొండమ్మ అన్నం గిన్నె తీసుకుని మళ్ళీ వచ్చింది. ఫరూక్ పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి మత్తయి వైపు చూశాడు. చెప్పరా బావా, మీ అమ్మకి నువ్వన్నా చెప్పరా అన్న చూపు అది. "చాల్లే అమ్మా, వాడికి పెట్టకు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. కన్నకొడుకు చెబితే ఆవిడ ఆగేది.

మత్తయి తల వంచుకుని చారన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు.

పొద్దున బాపట్లలో ఫరూక్ తూకం బల్ల ఎక్కాడు. ముల్లు గీత దాటి నిలబడింది. గంట గడువిచ్చారు. అందరి దగ్గరా స్వెట్టర్లు అడిగి ఒకదానిమీద ఒకటి తొడుక్కుని, "తోడొస్తావా బావా, ఒక్కణ్ణే అయితే కాళ్ళు సాగవు" అన్నాడు. కాలు పట్టేసిందన్నాడు మత్తయి. ఫరూక్ ఒక్కడే సూర్యలంక రోడ్డు మీద పరిగెత్తి వచ్చాడు. చెమటతో తడిసి ముద్దయి మళ్ళీ బల్ల ఎక్కాడు. ముల్లు కొంచెం దిగింది గానీ గీత లోపలికి రాలేదు. తూకం చూసే పెద్దాయన పాపం తనే తప్పు చేసినట్టు చూసి, "ఏం చెయ్యను బాబూ" అన్నాడు.

మాస్టారు గోడవైపు తిరిగి నిలబడిపోయారు. ఫరూక్ స్వెట్టర్లు ఒక్కొక్కటే విప్పి ఎవరివి వాళ్ళకిచ్చేసి, మత్తయి పక్కకొచ్చి, "అత్తకి చెప్పకురోయ్. జ్వరం వచ్చి ఆడలేకపోయానని చెబుదాం. తన తిండివల్లే అని తెలిస్తే ఆవిడ తట్టుకోలేదు" అన్నాడు. "చెయ్యి ఇలా పట్టు" అని పట్టీ తీశాడు. ఆట లేకపోయినా గెలిచినవాడు గ్లౌజులు వేసుకుని రింగు ఎక్కాలి, అది రూలు. వేలు వేలుకీ మధ్యనుంచి తిప్పి చుట్టి అడిగాడు, "బిగువైందా బావా?"

సాయంత్రం మత్తయి ఒక్కడే రింగులో నిలబడ్డాడు. ఎదురుగా ఎవరూ లేరు. గంట మోగింది. రిఫరీ వచ్చి అతని చెయ్యి పైకెత్తాడు. హాల్లో నాలుగు చప్పట్లు మోగాయి. అందులో గట్టిగా మోగినవి ఫరూక్‌వి.

అలా మత్తయి ఇంటర్నేషనల్ అయ్యాడు.

బ్యాంకాక్‌లో మొదటి ఆటే మంగోలియా కుర్రాడితో. ఆ రోజు పట్టీలు వేరెవరో చుట్టారు. బాగానే చుట్టారు గానీ, బిగువైందా అని ఎవరూ అడగలేదు. రెండు రౌండ్లదాకా సమానంగా ఆడాడు. తరవాత ఎదుటివాడు ఎడమవైపు నుంచి వచ్చినప్పుడు, ఫరూక్ అయితే ఇక్కడ పక్కకి జరిగేవాడు అని ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన పూర్తయ్యేలోగా దెబ్బ వచ్చి తగిలింది. ఆ తరవాత మత్తయి ఎక్కడ ఆడినా ఎదురుగా ఒకడు, తలలో ఒకడు. ఎదుటివాడితోనన్నా గెలవచ్చు గానీ, తలలోవాడికి దెబ్బ తగలదే! మరుసటేడు కొలంబోలో ఒక ఆట గెలిచి రెండోది పాయింట్ల తేడాతో పోగొట్టుకున్నాడు. పతకం మెడదాకా రాలేదు.

బ్యాంకాక్ నుంచి వచ్చిన రోజు తెనాలి స్టేషన్లో బంతిపూల దండతో నిలబడ్డవాడు ఫరూకే. భట్టిప్రోలు దాకా కూడా వచ్చాడు. కొండమ్మ బీరువాలో పెట్టబోతున్న, జట్టుకిచ్చిన నీలం కోటు చూసి, గుండెమీద కుట్టిన దేశం గుర్తుని వేలితో తడిమి, "ఒకసారి వేసుకుని చూడనా బావా?" అని అడిగాడు. వేసుకున్నాడు. భుజాల దగ్గర మత్తయికి వదులుగా ఉండే కోటు ఫరూక్‌కి కొలతపెట్టి కుట్టినట్టు కూర్చుంది.

"నీకే బాగుందయ్యా!" అంది కొండమ్మ కల్లాకపటం లేకుండా.

అప్పటి నుంచి ఆ కోటు మత్తయి మళ్ళీ తొడగలేదు.

ఆ మూడేళ్ళూ ఫరూక్ షెడ్డుకి రాలేదు. దూది దుమ్ము పీల్చీ పీల్చీ బుడే సాహెబ్‌కి ఆయాసం పట్టుకుంటే దుకాణం తనే చూసుకున్నాడు. పోటీల్లో లేకపోయినా జనం నోట్లో మాత్రం ఉన్నాడు. తెనాలిలో టీ కొట్టు దగ్గర మత్తయిని చూసి, "మన ఫరూక్ వెళ్ళుంటే పతకం పట్టుకొచ్చేవాడండి" అని మత్తయితోనే అనేవారు. "అవునండి" అనేవాడు మత్తయి. టీ చేదయ్యేది. ఓడిపోయినవాడి మీద గెలిచినవాడికి అసూయ ఏంటని అనిపించేది. అయినా అది తగ్గేది కాదు. ఫరూక్ ఒక్కసారి తిట్టినా బాగుండేది. ఒక్కసారి ముఖం తిప్పుకున్నా మత్తయి హాయిగా అన్నం తినేవాడు. వాడు మాత్రం ఎప్పుడు కనబడినా "అత్త బాగుందా?" అనేవాడు.

గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచి ప్రభు సంస్కారం ఇచ్చే ఆదివారాలు మత్తయి బల్ల దగ్గరికి వెళ్ళడం మానేశాడు. మనసులో దోషం పెట్టుకుని అది తీసుకోకూడదంటారు. కడుపు బాగోలేదని తండ్రికి చెప్పేవాడు. ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడల్లా చారన్నం పళ్ళెం గుర్తొచ్చేది.

రెండువేల ఆరులో బుడే సాహెబ్ కాస్త తేరుకున్నాడు. రంగనాయకులు మాస్టారు స్వయంగా దుకాణానికి వెళ్ళి, "వయసు మించిపోతోందిరా. ఈసారి వదిలేస్తే ఇంక లేదు" అని ఫరూక్‌ని షెడ్డుకి లాక్కొచ్చారు. మళ్ళీ బాపట్లలోనే పోటీలు. ఈసారి గెలిచినవాడికి తాష్కెంట్. మళ్ళీ ఫైనల్లో వాళ్ళిద్దరే. ఫరూక్‌కి ఇదే చివరి అవకాశమని ఇద్దరికీ తెలుసు. మళ్ళీ సెమీ ఫైనల్ అయిన సాయంత్రం, "ఇంటికి తీసుకురాకపోతే నీ మొహం చూడను" అని కొండమ్మ చేయించిన ఫోను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని మత్తయి తనలో తను అనుకున్నాడు. నేనేమీ చెయ్యను. పోయినసారి కూడా నేనేమీ చెయ్యలేదుగా.

ఇంట్లోకి వెళ్ళేసరికి కూర వాసన. రెండు కోళ్ళు. రెండూ నాగూర్ బాషా చేత కోయించినవే.

"పోయినసారి అర్ధాకలితో పంపాను నాయనా. అందుకే నీకు జ్వరం తగిలింది. నా మనసు ఎంత పీకిందో ఆ దేవుడికే తెలుసు. ఈసారి ఆ తప్పు చెయ్యను" అంటూ కొండమ్మ అన్నం పెట్టింది, కూర పెట్టింది, కాలు ముక్క పెట్టింది. రెండో కాలు ముక్క కూడా పెట్టింది. ఫరూక్ తిన్నాడు, నెమ్మదిగా, ముక్క చివర్లు కొరుకుతూ. ఆవిడ అన్నం గిన్నెతో మళ్ళీ వచ్చింది. ఈసారి ఫరూక్ మత్తయి వైపు చూడలేదు. చెయ్యి అడ్డం పెట్టలేదు. పళ్ళెం కాస్త ముందుకు జరిపాడు.

మత్తయి అది చూశాడు. వీడికి అంతా తెలుసు. పోయినసారి నేను నోరు మూసుకున్నదీ తెలుసు. ఇవాళ తింటే రేపు ఏమవుతుందో తెలుసు. తెలిసి కూడా, మా అమ్మ మనసు నొప్పించలేక పళ్ళెం జరుపుతున్నాడు. దానంతటదే వెళ్ళే చెయ్యి వాడిదే. మాస్టారి గుండె వాడిదే. కాలు ముక్క వాడిదే. ఇప్పుడు నా తల్లికోసం తాష్కెంట్ వదిలేసుకునే మంచితనం కూడా వాడిదేనా? అది కూడా వాడికే వదిలెయ్యాలా?

"అమ్మా!" అని గావుకేక పెట్టాడు. సామ్యేలు చేతిలో ముద్ద జారిపోయింది. "ఎప్పుడూ వాడికేనా? ముందూ వాడికే, మారూ వాడికేనా? నిన్ను నేను పుట్టించానా, వాడు పుట్టించాడా?"

కంగారులో మాట తలకిందులుగా వచ్చింది. కొండమ్మ తెల్లబోయి చూసి, నవ్వాపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నువ్వు నన్ను పుట్టించావేంట్రా సచ్చినోడా! పెళ్ళీడొచ్చాక ఈ ఓర్వలేనితనం ఏంటి?"

"ఓర్వలేను. నిజంగానే ఓర్వలేను. ఆ గిన్నె ఇటివ్వు." ఫరూక్ పళ్ళెం చటుక్కున లాక్కున్నాడు. అందులో మిగిలింది తన పళ్ళెంలో గుమ్మరించుకున్నాడు. "వాడు చెయ్యి కడుక్కోవాలి. ఇంక వాడికి ఒక్క మెతుకు పెట్టినా నేను అన్నం మానేస్తాను. ఆ మారంతా నాకు పెట్టు."

ఇన్నేళ్ళూ లోపల దాచుకున్న మాట అది. వేళాకోళంలా బయటికొచ్చింది గానీ అక్షరం అబద్ధం లేదు. కొండమ్మ నవ్వుతూ, కొడుకు అలిగాడని మురిసిపోతూ వడ్డించింది. ఫరూక్ చెయ్యి కడుక్కుని గడపలో కూర్చున్నాడు. కొండమ్మ లోపలికెళ్ళాక నెమ్మదిగా అన్నాడు.

"చాల్లేరా బావా. రేపు నీకూ తూకం ఉంది."

"నాకు తెలుసులేవోయ్" అన్నాడు మత్తయి నోరు నిండా అన్నంతో.

పొద్దున ఇద్దరూ రేపల్లెలో బాపట్ల బస్సెక్కారు. ఫరూక్ చంకలో సామ్యేలుకి కుట్టిచ్చిన దుప్పటి చుట్టగా ఉంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. కర్లపాలెంలో బస్సు ఆగగానే లేచి, "దిగు" అన్నాడు. కండక్టరు విషయం విని, "సంచులిక్కడే ఉంచండి బాబూ, బాపట్ల స్టాండులో దించి కాపలా ఉంటాను" అన్నాడు. ఏ తల్లి కన్న బిడ్డో.

ఫరూక్ దుప్పటి విప్పి మత్తయి ఒంటికి చుట్టి నడుం దగ్గర పట్టీతో బిగించాడు. "బిగువైందా బావా?"

అక్కణ్ణుంచి బాపట్ల దాకా ఇద్దరూ పరిగెత్తారు. దూది దుప్పటిలో మత్తయి ఇటుకబట్టీలా ఉడికిపోయాడు. పొలం గట్టుమీద ఒక ముసలమ్మ ఆ అవతారం చూసి హడలిపోయి, "ఏం జబ్బు నాయనా?" అంటూ చెంబుతో నీళ్ళు తెచ్చింది. మత్తయి పుక్కిలించి ఉమ్మేసి దండం పెట్టాడు. "ఆశ జబ్బు మామ్మా" అన్నాడు ఫరూక్. పక్కన ఫరూక్ ఏ దుప్పటీ లేకుండా తేలిగ్గా పరిగెడుతుంటే, వాడి అడుగు నేలమీద పడుతున్న తీరు చూసి మత్తయికి మళ్ళీ కుళ్ళు పుట్టింది. అయినా ఆ అడుగుతోనే అడుగు కలిపాడు.

బల్లమీద ముల్లు ఫరూక్‌కి గీత ఇవతల నిలిచింది. మత్తయికి సరిగ్గా గీతమీద నిలిచింది. తూకం పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "హమ్మయ్య" అన్నాడు.

ఆ సాయంత్రం రింగులో ఎదురుగా ఒకడున్నాడు. తలలో ఎవరూ లేరు. మత్తయి తన జీవితంలో అంత బాగా ఎన్నడూ ఆడలేదని మాస్టారు ఇప్పటికీ చెబుతారు. చివరి రౌండులో ఫరూక్ ముక్కు పగిలి రక్తం కారింది. అయినా పాయింట్లు ఫరూక్‌వే ఎక్కువ. రిఫరీ వాడి చెయ్యి పైకెత్తాడు. పక్కన నిలబడ్డ మత్తయికి ఏడుపొచ్చింది, తాష్కెంట్ పోయిందని. అందులో మొహమాటం ఏమీ లేదు. ఆ తరవాతి ఆదివారం గుడిలో బల్ల దగ్గరికి మాత్రం వెళ్ళాడు.

తాష్కెంట్‌లో ఫరూక్ సెమీ ఫైనల్ దాకా వెళ్ళి కంచు పతకం తెచ్చాడు. తెనాలిలో ఊరేగింపు చేశారు. మత్తయి జీపు పక్కన నడిచాడు. ఎవరో "మీ ఫరూక్ సాధించాడండి" అంటే "అవునండి" అన్నాడు. టీ ఇంకా చేదుగానే ఉంది.

మర్నాడు ఫరూక్ భట్టిప్రోలు వచ్చి పతకం కొండమ్మ మెడలో వేశాడు. ఆవిడ దాన్ని కొంగుతో తుడిచి, కళ్ళకద్దుకుని, మెడలో అలాగే ఉంచుకుని వడ్డనకి వంగింది. పతకం కూరగిన్నె అంచుకి తగిలి ఖంగుమంది. గరిట పైకి లేచింది. అందులో కాలు ముక్క.

మత్తయి చూపు గరిటతోపాటే కదిలింది. అది తన పళ్ళెం దాటింది. ఫరూక్ పళ్ళెం మీద వంగింది.

"ఇవాళ తూకం లేదుగా అత్తా" అన్నాడు ఫరూక్ నవ్వుతూ.

మత్తయి కడుపులో నిప్పు అలాగే ఉంది. పళ్ళెం ముందుకు తోశాడు.

"మారు మాత్రం నాదేనమ్మా" అన్నాడు.